ఎర్ర గీత దాటని గొంతు

సుంకమ్మ బక్క మనిషి. గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోయేలా ఉండేది. ఆ ఒంట్లో అంత గొంతు ఎక్కడ దాచుకుందో ఊరివాళ్ళకే అంతుపట్టేది కాదు. గుత్తికి పడమరగా ఉన్న ఆ ఊళ్ళో వాన పడిన ఏడు, కలుపు తీసే ఆడవాళ్ళలో పాట ఎత్తుకునేది ఆమే. చరణం చివర గొంతు చించుకుని ఒక కూత వేసేదంటే, మూడు చేన్ల అవతల మడక దున్నే మగవాళ్ళు ఆగి ఇటు చూసేవాళ్ళు. కొండప్ప ఆ కూత విని మనసు పారేసుకునే ఆమెను చేసుకున్నాడు. మొహం తర్వాతెప్పుడో చూశాడట.

ఆ పాట ఆమెకు అత్త నుంచి వచ్చింది. అత్త బతికున్నన్నాళ్ళూ సుంకమ్మ వెనక నిలబడి అందుకోవడమే గానీ ముందు ఎత్తుకోలేదు. అక్కడి కట్టుబాటు అది. ఒక పాట ఎత్తుకునే మనిషి బతికుండగా ఆ పాటను ఇంకొకతె ఎత్తుకోదు. ఆమెకు జ్వరమొస్తే ఆ పూట చేలో ఆ పాట ఉండదు. ఆమె పోయి, దినాలు అయ్యాకే ఇంకొకరి నోటికి వస్తుంది. అన్నదమ్ములు గట్ల కోసం తలలు పగలగొట్టుకున్న ఊరే అది. ఈ కట్టుబాటు మాత్రం ఎవరూ తప్పలేదు.

అరవై అయిదులో వాన ముఖం చాటేసింది. వేసిన శెనక్కాయ విత్తనం మట్టిలోనే మాడిపోయింది. సుంకమ్మనూ పాపనూ ఊళ్ళో వదిలి కొండప్ప తుంగభద్ర వైపు కాలవ తవ్వే పనికి పోయాడు. నెలకోసారి ఎవరో ఒకరి చేత కబురు పంపేవాడు. తర్వాత ఊళ్ళో వాంతిభేది వచ్చింది, వీధికి ఇద్దరు ముగ్గురు పోయారు. ఆ తర్వాత కొండప్ప కబుర్లు ఆగిపోయాయి.

ఎందుకు ఆగాయో ఆదెన్న వచ్చాక తెలిసింది. ఆదెన్న కొండప్పకు పినతండ్రి కొడుకు. అదే కూలి ముఠాలో పనిచేస్తూ రాయి పడి కాలు విరిగి ఊరికి చేరాడు. గుమ్మంలో సుంకమ్మను చూసి కుంటుకుంటూ రెండడుగులు వెనక్కి వేశాడు.

"వదినా! నువ్వూ పాపా వాంతిభేదికి పోయినారని ఆడ చెప్పినారు. అన్న సగం నమ్మినాడు, సగం నమ్మలేదు. ఊరికి పోయి చూసేకి కూడా భయపడతాండాడు."

"జాబు రాపిస్తా ఆదెన్నా."

"యాడికని రాపిస్తావు? మేస్త్రీ ముఠాను వారానికొక చోటికి తోలతాడు."

అయినా రాయించింది. నెలకు ఆ జాబు నలిగిపోయి తిరిగొచ్చింది. ముఠా ఎటు పోయినా మేస్త్రీ గుడారంలో రేడియో ఒకటి ఉంటుందని, సాయంత్రం పల్లెవాళ్ళ కార్యక్రమం అందరూ కూర్చుని వింటారని ఆదెన్న చెప్పాడు. అప్పటి నుంచి పంచాయతీ రేడియో పెట్టినప్పుడల్లా సుంకమ్మ దానివైపు దేవుణ్ణి చూసినట్టు చూసేది.

అందుకే పల్లె పాటలు పట్టుకోవడానికి రేడియో వాళ్ళ జీపు ఊళ్ళోకి వచ్చిన రోజు, ఆమె అందరినీ తోసుకుని ముందుకు పోయింది.

"సారూ, నేను పాడతా. నా పేరు చెప్పండి సారూ, మా పాప నాయన వినల్ల."

టేపు మిషను ముందు కూర్చున్నాయన నెమ్మదస్తుడు. గుంపు పాటకు పేర్లు చెప్పరమ్మా, 'పల్లె స్త్రీలు పాడిన పాట' అనే చెబుతారు అన్నాడు. పోనీలే, కూత ఉంది కదా అనుకుంది సుంకమ్మ. నలుగురు ఆడవాళ్ళను వెనక పెట్టుకుని ఎత్తుకుంది. కూత దగ్గరికి వచ్చేసరికి మిషను మీది ముల్లు ఎర్ర గీత దాటిపోయింది. ఆయన చెవుల మీది గొట్టాలు పీకేశాడు.

"ఆగమ్మా, ఆగు. గొంతు పగిలిపోతోంది. ఇలా ఉంటే మా పైవాళ్ళు టేపు పక్కన పడేస్తారు."

ఆమెను నాలుగడుగులు వెనక్కి జరిపాడు. మైకు మీద తువ్వాలు కప్పాడు. ముల్లు మళ్ళీ దాటింది. చివరికి బతిమాలాడు. "మెల్లగా పాడు తల్లీ. ఆ అరుపు వద్దు. శబ్దం మేం తర్వాత పెంచుతాం."

పెంచుతామన్న మాట ఆమె పట్టుకుంది. పంచాయతీ రేడియోలో మెల్లగా మాట్లాడే పెద్దమనుషుల మాట కూడా కొండకు తగిలి తిరిగొస్తుంది కదా! ఆ మిషను తన గొంతును మళ్ళీ చేలో ఉన్నంత చేస్తుందని నమ్మింది పిచ్చిది. టేపు పారేస్తారేమోనన్న భయమూ ఉంది. కూత మింగేసి, బిడ్డను జోకొట్టినట్టు పాడింది. ముల్లు గీత లోపలే ఆడింది. "బంగారంలా వచ్చింది" అన్నాడాయన. ఆయన అబద్ధమాడలేదు, పాట వినడానికి బాగానే ఉంది.

మూడు వారాలకు అది రేడియోలో వచ్చింది. ఊరంతా చావిడి ముందు చేరింది. లౌడు స్పీకరు పెద్దగానే మోగింది. సుంకమ్మ ఒళ్ళో కూర్చున్న ఆరేళ్ళ రామాంజినమ్మ తలెత్తి అడిగింది.

"ఎవరమ్మా పాడతాండేది?"



నాలుగు నెలలకు పక్క ఊరి నాగప్ప కాలవ పని నుంచి వచ్చాడు. కొండప్ప సామాను మూట ఇవ్వడానికి ఆదెన్న ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, అరుగు మీద సుంకమ్మను చూసి మూట కింద పడేశాడు. తేరుకున్నాక, తల వంచుకుని చెప్పాడు.

"రేడియోలో పాట వచ్చినాక కొండన్న ఆ పొద్దు సంగటి ముట్టలేదక్కా. 'ఇన్నాళ్ళూ నమ్మలేదు నాగప్పా. అది బతికుంటే దాని పాట ఇంకొకతె ఎత్తుకుంటాదా?' అన్నాడు. తెల్లారి తల గీయించుకుని, మీ ఇద్దరి పేర్లు చెప్పి కాకులకు అన్నం పెట్టినాడు. ఈ మూట మా ఆదెన్నకు ఇయ్యమని చెప్పి, అట్నుంచి అట్నే పడమటికి పోయినాడు. యాడికని అడిగితే చెప్పల్యా."

"ఆ పాడింది నేనే నాగప్పా," అంది సుంకమ్మ. "మెల్లగా పాడమనిరి."

నాగప్ప వంగి మూట తీసి ఆమె పక్కన పెట్టాడు.

"పాడమంటే పాడినావా అక్కా?" అన్నాడు.

 సుంకమ్మ ఆ తర్వాత ఇరవై మూడేళ్ళు బతికింది. కొండప్ప రాలేదు.