ఎండాకాలం తెలుగు సబ్జెక్టు

హిందూపురంలో మా కాలేజీ ఆఫీసులో సర్టిఫికెట్లు టైపు చేయడం నా పని. మొన్నటి ఎండాకాలం సెలవుల్లో ఒక టాంజానియా అమ్మాయి నా బల్ల ముందు నిలబడి బోరున ఏడ్చింది. పట్టుపురుగుల మీద ఎమ్మెస్సీ ఆమెది. ధర్మవరం మగ్గాల చుట్టూ తిరిగి థీసిస్ రాసేసింది. ఇక వైవా ఒక్కటే మిగిలింది. అప్పటిదాకా వీసా పొడిగించాలంటే "చదువుతోంది" అని మేము కాగితం ఇవ్వాలి. ఏదో ఒక సబ్జెక్టులో చేరితేనే అలా రాయాలని రూలు. సెలవుల్లో సబ్జెక్టులే లేవు. కాగితం లేకుంటే వైవాకు ముందే దేశం వదిలిపోవాలి, డిగ్రీ గంగలో కలిసినట్టే.

ప్రిన్సిపాల్ సారు ఫ్యాను వైపు చూసి, "తెలుగు పెట్టేద్దాం" అన్నారు. లెక్చరర్లంతా ఊళ్లకు పోయారు. మిగిలింది నేను. బీకాం చదివినదాన్ని తెలుగు పండితురాలినైపోయాను.

హాస్టల్ మూసేయడంతో ఆమె పెనుకొండలో గది తీసుకుని రోజూ బస్సులో వచ్చేది. ఎదురుగా ఉన్నది ఒక్కతే అయినా పేరు పిలవాలట, ఆమె లేచి "ప్రెజెంట్" అనాలట. అదీ చేశాం. నాకు వ్యాకరణం రాదు, అందుకని కబుర్లు చెప్పుకున్నాం. నెల తిరిగేసరికి కూరగాయలామెతో "ఏమక్కా, అన్నీ పుచ్చు వంకాయలే ఏస్తాండావు?" అని పోట్లాడింది. నాకెంత గర్వమో చెప్పలేను.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. చేరిన సబ్జెక్టు పాసవకపోతే డిగ్రీ ఇవ్వరట. ఆమెను కాపాడటానికి పెట్టిన తెలుగే ఆమెకు అడ్డం కూర్చుంది! పరీక్షకు బయటి ఊరి నుంచి ఒక తెలుగు సారు వచ్చారు.

"మీ ఊరు ఎక్కడ ఉంది?"

"శానా దూరం ఉండాది సార్. సముద్రం దాటల్ల."

ఆయన పెన్ను మూశారు. "ఉండాది అనే మాట తెలుగులో లేదు."

పక్కనే కూర్చున్న నాకు ఒళ్లు మండింది. "మా అవ్వ చచ్చేదాకా అదే మాట్లాడింది సార్. నేనూ అదే మాట్లాడతాండా. మమ్మల్నందర్నీ ఫెయిల్ చేసేయండి" అన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని సరిగ్గా పాసు మార్కులు వేశారు. ఒక్కటి ఎక్కువేస్తే భాష చెడిపోతుందేమో పాపం.

వైవా కూడా గట్టెక్కింది. చప్పట్లు ఆగకముందే ప్రిన్సిపాల్ సారు ఇంకో కాగితం టైపు చేయమన్నారు. డిగ్రీ పూర్తయింది కాబట్టి ఆమె ఇక విద్యార్థిని కాదు, గడువులోగా వెళ్లిపోవాలి. ఉంచడానికి అంత పోట్లాడి, పంపించే కాగితానికి నేనే కామాలు దిద్దాను. దుఃఖం ఆగలేదు.

బస్టాండులో "పోతాండానక్కా" అంది.

"అట్లనగూడదు. పోయొస్తా అనల్ల."

"మళ్లా వచ్చేకి వీసా లేదు గదక్కా. అట్లంటే అబద్ధం గాదా?"

"అబద్ధమే. రూలు కోసరం ఇన్ని కాగితాలు రాసినా గదమ్మా, నా కోసరం ఆ ఒక్క అబద్ధం చెప్పు."

చెప్పింది.