ట్రంక్ కాల్‌లో కంప్యూటర్

పోయిన నెల ధర్మవరం నుంచి హిందూపురం పోతూ పెనుకొండలో దిగి, నాకు చదువు చెప్పిన గ్రంథాలయంలోకి తొంగిచూస్తే, తీసేయడానికి కట్టగట్టిన పుస్తకాల్లో పాత కంప్యూటర్ పుస్తకం ఒకటి కనిపించింది. అందులో రెండు రబ్బరు గిన్నెల్లో బోర్లించిన టెలిఫోన్ రిసీవర్ బొమ్మ చూడగానే, ఆ పుస్తకం పట్టుకుని అక్కడే బెంచీ మీద కూర్చున్నాను.

మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో పొరుగూరితో మాట్లాడాలన్నా ఎక్స్ఛేంజిలో ట్రంక్ కాల్ బుక్ చేసి, ఆపరేటర్ లైను కలిపేదాకా కూర్చోవాల్సిందే. హిందూపురంలో ఒక నూలు మిల్లులో మూడు నెలల ప్రొబేషన్ మీద గుమాస్తాగా చేరాను. కాలేజీ మొహం చూడకపోయినా ఆ పుస్తకం రెండుసార్లు చదివినవాణ్ణి కనుక, కంప్యూటర్ అంకెలను కూతలుగా మార్చి రిసీవర్లోకి వినిపిస్తే అవతలి యంత్రం వాటిని మళ్లీ అంకెలు చేసుకుంటుందని మేనేజరుకు గొప్పగా చెప్పాను. ఆయన మా మిల్లు బెంగళూరు ఆఫీసును ఒప్పించి యంత్రం తెప్పించాడు. అది వచ్చిన రోజే, సాయంత్రం ఐదులోగా నూలు నిల్వల పట్టీ అక్కడికి చేరకపోతే యంత్రంతో పాటు నన్నూ పంపించేస్తానన్నాడు.

పట్టీ వెళ్లడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. మొదటిసారి నిమిషంలోనే లైను పోయింది. ఎక్స్ఛేంజి ఆపరేటరమ్మను అడిగితే, "ఏమప్పా, మాటా పలుకూ లేదు, ఒకటే కీచుమంటాండాది. లైను చెడిపోయిందని తీసేసినా" అంది. రెండోసారి లైను నిలిచింది కానీ, మూడు నిమిషాలు కాగానే ఆమె ఎప్పటిలాగే మధ్యలోకి వచ్చి, టైమయింది, పొడిగించాలా అని అడిగింది. ఆ మాటలు కూతల్లో కలిసి పట్టీ అంతా పాడైపోయింది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ సంగతి లేదు.

నాలుగు దాటాక సైకిలెక్కి ఎక్స్ఛేంజికి పోయి, కిటికీ దగ్గర నిలబడి ఆమెతో, మాట్లాడేది కంప్యూటరని, నడుమ మనిషి గొంతు పడితే నా ఉద్యోగం పోతుందని చెప్పుకున్నాను.

"కంప్యూటరైతే ఏమబ్బా, దానికీ మూడు నిమిషాలే" అంది గానీ, నా మొహం చూసి, "సరే పో. ముందే తొమ్మిది నిమిషాలు రాసుకుంటా. నోరు తెరవను" అంది.

మిల్లుకు తిరిగొచ్చి, లైను కలిశాక బయటి చప్పుడు పడకుండా రిసీవర్ మీద దుప్పటి కప్పి గడియారం ముందు నిలబడ్డాను. మూడో నిమిషం దాటేటప్పుడు ఊపిరి బిగబట్టాను. ఆరో నిమిషంలో మేనేజరు దగ్గబోతే, ఎంత ధైర్యమో, చేత్తో ఆయన నోరు మూశాను. కూతలు ఆగాక రిసీవర్ ఎత్తితే బెంగళూరు గుమాస్తా పట్టీ సరిగ్గా చేరిందన్నాడు. ఆ వెంటనే ఆమె గొంతు వినిపించింది. "మీ కంప్యూటరు గుక్క తిప్పుకోదేందప్పా? నా చెవులు పగిలిపోయినాయి." అంటే అంతసేపూ ఆమె వింటూనే ఉంది, ఆ లైను ఎవరూ తీసేయకుండా కాపలా కాస్తూ.

నా ఉద్యోగం ఖాయమైంది. కొన్నేళ్లకు ఎవరికి వారే నేరుగా నంబరు తిప్పుకునే రోజులు వచ్చాయి. ఆమె ఏ ఊరికి బదిలీ అయిందో అడిగినా ఎవరూ చెప్పలేకపోయారు. ఇప్పుడు ఎంత పెద్ద పట్టీనైనా చప్పుడు లేకుండా పంపించవచ్చు, అదెలాగో చదివి తెలుసుకుంటూనే ఉన్నాను. కానీ పంపింది చేరలేదంటే మాత్రం, ఎవరి ముందు నిలబడి చెప్పుకోవాలో ఏ పుస్తకంలోనూ దొరకదు.