ఫాదరుగారి మోకాళ్ళు, మా నాయన మోకాళ్ళు

ఆ కాలంలో పుల్లలచెరువు అవతల మా ఊళ్ళో బోధకుడి గొప్పతనాన్ని గొంతుతోనూ గంటలతోనూ కొలిచేవాళ్ళం. వాక్యం, అంటే బైబిలు ప్రసంగం, మొదలైతే పొయ్యి మీద పప్పు ఉడికి, మాడి, కుక్క కూడా ముట్టని స్థితికి వచ్చేదాకా సాగాలి. చెప్పేవాడి చొక్కా చెమటకు తడవాలి, మైకు కుయ్యిమనాలి. మా ప్రొటెస్టెంటు సంఘానికి మా నాయనే పెద్ద. ఆయన ప్రార్థన (ప్రసంగం కాదు, భోజనం ముందు చేసే ప్రార్థన) పూర్తయ్యేసరికి సంగటి చల్లారిపోయేది. అలాంటి ఇంట్లో పుట్టి, ఇంటర్ పాసై, నేను పోయి పోయి కతోలిక్ ఫాదరు నడిపే రేకుల షెడ్డు బడిలో టీచరుగా చేరతానన్నాను.

ఆ ఫాదరు కేరళ నుంచి వచ్చిన పెద్దాయన. బక్కపలచని మనిషి. మోటారు సైకిలుండేది గానీ, దాన్ని జబ్బుపడిన వాళ్ళను మార్కాపురం చేర్చడానికి వదిలేసి తాను మాత్రం ఎండలో ఊరూరా నడిచేవాడు. నీళ్ళ ట్యాంకరు వస్తే బిందె పట్టుకుని వరుసలో నిలబడేవాడు. ఆడవాళ్ళు ముందుకు రమ్మన్నా నవ్వేసి అక్కడే ఉండేవాడు. గొర్రెలు కాసే ముసలాయనకు కాలు పుండుపడి, ఇంట్లోవాళ్ళే ముక్కు మూసుకుని తిరిగే రోజుల్లో, వెళ్ళి కడిగి కట్టు కట్టింది ఈయనే. ఇదంతా మా నాయనకు తెలుసు. అయినా ఒప్పుకోలేదు. "సేవ చేస్తాడులే, నేను కాదనను. వాక్యం చెప్పగలడా? అది రానోడి కింద నువ్వేంది పనిచేసేది?" అన్నాడు. నేను అన్నం మానేశాను (చాటుగా అమ్మ పెట్టిన జొన్నరొట్టె లెక్కలోకి రాదు). చివరికి నాయన ఒక మెట్టు దిగాడు. ఫాదరు మా వాకిట్లో ఒక సాయంత్రం వాక్యం చెప్పాలి. సంఘానికి నచ్చితే నాకు ఉద్యోగం, నచ్చకపోతే ఇంట్లో కుట్టుమిషను.

ఆ సాయంత్రం ఊరంతా వచ్చింది. పొద్దుపోతుందని ముందే తెలుసు గనక పిల్లలకు దుప్పట్లు కూడా తెచ్చుకున్నారు. ఫాదరు లేచి, దప్పికగొన్నవాడికి నీళ్ళిచ్చినవాడు దేవుడికే ఇచ్చినట్టని చెప్పి, నీళ్ళ విలువ మీకు నేను చెప్పేదేముంది అని, ఆమెన్ అనేశాడు. టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. ఒక్కరూ లేవలేదు. అదంతా ముందుమాట, అసలు వాక్యం ఇక మొదలవుతుందని మావాళ్ళ నమ్మకం. కతోలిక్కుల పూజలో ప్రసంగం అయ్యాక కాసేపు మౌనంగా ప్రార్థిస్తారు. అందుకని కదలకుండా కూర్చున్న ఊరిని చూసి ఫాదరుగారి కళ్ళు చెమర్చాయి. ఇంత భక్తా అనుకుని, పలకరాళ్ళ ముక్కలు పరిచిన మా వాకిట్లోనే మోకరించాడు. బలం కోసం ప్రార్థించుకుంటున్నాడు కాబోలనుకుని మావాళ్ళు ఇంకా బుద్ధిగా తలలు వంచారు. వాళ్ళు తలలు వంచేకొద్దీ ఆయన కరిగిపోయాడు.

రెండు వైపుల సంగతీ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఒక్క మాటతో తేలిపోయేది, నా ఉద్యోగం కూడా దాంతోపాటే పోయేది. పెదవి విప్పలేదు. ఈ రోజుకీ అందుకు నాకు రవ్వంత బాధ లేదు. "ఎప్పుడు మొదలుపెడతాడే?" అని పిన్ని గుసగుసలాడితే, "జరుగుతానే ఉంది పిన్నీ" అన్నాను.

అప్పుడు నాయన ఒక కన్ను తెరిచాడు. తన వాకిట్లో ఒక కతోలిక్ మోకాళ్ళ మీద, సంఘపెద్ద కుర్చీలో! నడుం పట్టుకుని కుర్చీ దిగి, ఆయనకు ఎదురుగా తానూ మోకరించాడు. డాక్టరు మెట్లెక్కొద్దన్న మోకాళ్ళవి. ఇక ఇద్దరూ కదలరు. మేకపిల్ల ఒకటి వచ్చి ఫాదరుగారి అంగీ అంచు నమిలినా ఆయన కదల్లేదు. చీమ కుట్టినా నాయన కదల్లేదు. దీపాలు పెట్టారు. పిల్లలు నిద్రపోయారు. ఎట్టకేలకు ఫాదరు ఆమెన్ అన్నాడు. నాయన ఇంకాసేపు పట్టుబట్టి ఉండి, అప్పుడన్నాడు ఆమెన్. తీరా చూస్తే ఇద్దరికీ లేవడం చేతకాలేదు. నేను మధ్యలో నిలబడి చెరో చెయ్యీ అందించాను. నాయన సగం లేచి, రొప్పుతూ, నా వైపు చూడకుండానే అన్నాడు: "ఈయనకు మాటలు రావు అమ్మీ. నువ్వు రేపటినుంచి బడికి పో." పూర్తిగా నిలబడ్డాక ఫాదరు వైపు తిరిగి, "శుక్రవారం మళ్ళీ రాండి. నేను ఓడిపోయేది లేదు" అన్నాడు.

ఆయన వచ్చాడు. ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నాడు. ఎవరూ ఎవరి గుడికీ మారలేదు, ఎవరూ ఓడిపోలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. నేనూ వాళ్ళ వయసుకు దగ్గరపడి ప్రార్థనకు కుర్చీ వేయించుకుంటున్నాను. ఉద్యోగం గెలిచిన పొగరుతో, ఇద్దరు మొండివాళ్ళను చెరో చేత్తో లాగి నిలబెట్టిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ రోజు ఆ పిల్లకు చేతులు కూడా నొప్పెట్టలేదు.