మొదటి కోత

గడ్డి పెంచడానికి ఇంత తతంగం ఉంటుందని జర్మనీ వచ్చాకే తెలిసింది. మా కరీంనగర్ వైపు ఇంటి ముందు గడ్డి మొలిస్తే పీకి బర్రెలకు వేస్తాం. డ్రెస్డెన్ శివార్లలో మేం అద్దెకు తీసుకున్న ఇంటి వెనక మాత్రం గడ్డి ఉండాల్సిన చోటంతా నాచే. మా ఆయనకు అదో పంతం అయిపోయింది. కరోనా వచ్చి ఆఫీసు ఇంట్లోకి చేరాక, మీటింగుకూ మీటింగుకూ మధ్య ఆ నాచుతో కుస్తీ పట్టేవారు. "ఇంజినీరింగ్ చదివింది ఇందుకేనా" అని సణిగేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు.

రెండో ఏడాది మంచు కరగ్గానే సున్నం చల్లారు. ఏప్రిల్‌లో నాచంతా గీకేసి, ఇసుక కలిపి, గడ్డి గింజలు చల్లారు. గింజ మట్టిని అంటుకోవాలని బూట్ల కింద చెక్క పలకలు కట్టుకుని నేలంతా తొక్కారు. ఆ నడక చూసి పదేళ్ల మా పాప పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాతే ఆయనకు జ్వరం మొదలైంది. వారం తిరక్కుండానే ఊపిరాడక అంబులెన్స్ పిలవాల్సి వచ్చింది. ఆస్పత్రిలోకి మమ్మల్ని రానివ్వలేదు. నర్సు ఫోన్ పట్టుకుంటే వీడియోలో చూడడమే.

మొదటి ఫోన్‌లో ఆయన అడిగింది ఒకటే. "గడ్డి మొలిచిందా?"

ప్రాణం మీదికొస్తే గడ్డి గోలేంటి ఈయనకు అని ఒళ్లు మండింది. ఫోన్ పెట్టేశాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

మా పెళ్లిలో పాలికలు పెట్టారు. మట్టి మూకుళ్లలో పుట్టమన్ను పోసి, నవధాన్యాలు చల్లి, ముత్తయిదువలు నీళ్లు పోస్తారు. మొలకలు గుబురుగా వస్తే ఆ జంట కాపురం చల్లగా ఉంటుందంటారు. మావి ఎంత బాగా వచ్చాయో మా అమ్మ వాడంతా చెప్పుకుంది. అలాంటి నమ్మకాలు నాకు లేవనే అనుకునేదాన్ని. మనిషి ఆస్పత్రిలో ఉంటే మన బుర్ర మన మాట వినదు. ఈ గడ్డి మొలిస్తే ఆయన ఇంటికొస్తారు అనుకున్నాను. మొలవకపోతే ఏమిటో అనుకునే ధైర్యం లేకపోయింది.

గడ్డి మొలవలేదు. పొద్దునా సాయంత్రం నీళ్లు పోశాను. నేల చల్లగా తగులుతోందని, పసిపిల్లకు స్నానం పోసినట్టు కెటిల్‌లో కాచిన నీళ్లు కలిపి గోరువెచ్చగా పోశాను. పక్కింటి ముసలావిడ కంచె అవతల మాస్కుతో నిలబడి చూసింది.

"నేల ఇంకా చల్లగానే ఉంది. గింజకు టైం పడుతుంది. ఇన్ని నీళ్లు పోస్తే కుళ్లిపోతుంది" అంది.

పాలికల సంగతి ఈవిడకు నా వచ్చీరాని జర్మన్‌లో ఏమని చెప్పను? "మా ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు" అన్నాను. ఆవిడ మర్నాడు మొక్కలకు చలి తగలకుండా కప్పే పల్చటి గుడ్డ తెచ్చి కంచె మీద వేసి వెళ్లింది. దాన్ని గింజల మీద పరిచాను.

మే నెలలో ఎండ కాస్త గట్టిపడ్డాక, ఒక పొద్దున గుడ్డ ఎత్తితే నేలంతా పచ్చటి నూగు. అక్కడే కూలబడి ఏడ్చాను. బతికాం దేవుడా అనుకున్నాను. వీడియోలో చూపిస్తే ఆయన ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపించుకుని చాలాసేపు చూశారు.

"గుబురుగా వచ్చింది. ఎవరూ ముట్టుకోకండి. మొదటి కోత నేనే కోస్తా" అన్నారు.

"కోద్దురుగానీ, ముందు ఇంటికి రండి" అన్నాను.

ఆ వారమే ఆయన పోయారు.

గడ్డి మాత్రం ఆగలేదు. ఒక్కోసారి దాన్ని చూసి, ఆశ పెట్టి మోసం చేశావు కదే అని తిట్టేదాన్ని. ఇంకోసారి, పాపం దానికేం తెలుసు, నేల వెచ్చబడింది, మొలిచింది, అంతే కదా అనిపించేది. కొత్త గడ్డిని జానెడు కాకముందే కోయాలని, లేకపోతే ఒరిగిపోయి అడుగున పాడైపోతుందని ఆయనే చెప్పేవారు. అది మోకాళ్ల దాకా వచ్చింది. ఓనర్ మర్యాదగానే మెసేజ్ పెట్టాడు. పక్కింటావిడ తను కోసిపెడతానంది.

"వద్దు. ఆయన కోస్తానన్నారు" అన్నాను. నా నోటికి ఆ మాటే వచ్చింది. ఆవిడ తలూపి వెళ్లిపోయింది.

జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం నేను పప్పు తాలింపు వేస్తుంటే పెరట్లో షెడ్డు తలుపు చప్పుడైంది. పాప గడ్డి కోసే మిషన్ బయటికి లాక్కొచ్చింది. మాది కరెంటు అక్కర్లేని, తోస్తే తిరిగే చిన్న మిషన్. అంతెత్తు గడ్డిలో అది కదిలితే కదా. బ్లేళ్లకు గడ్డి చుట్టుకుపోయింది. పాప ఒంటి బరువంతా వేసి తోస్తోంది.

"వదిలెయ్! నాన్న కోస్తానన్నారు కదా" అని కిటికీలోంచి అరిచాను.

నేను తెలుగులో ఏది అడిగినా జర్మన్‌లోనే జవాబిచ్చే పిల్ల. ఆ రోజు మాత్రం ఇటు తిరిగి, ఒక్కో మాటా వెతుక్కుంటూ, తెలుగులో చెప్పింది.

"అమ్మా, నాన్న ఇంక రారు."

అప్పటిదాకా ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. స్టవ్ ఆపేసి, చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి, హ్యాండిల్ రెండో వైపు పట్టుకున్నాను.