కిటికీ సందుల్లో పేపర్లు

మీరు పడుకునే గది కిటికీ ఆఖరిసారి ఎప్పుడు తెరిచారు? గుర్తు రాకపోతే ఈ సంగతి మీకోసమే.

రెండువేల దశకం మధ్యలో మేం దేశ రాజధానిలోని మునిర్కాలో అద్దెకుండేవాళ్లం. కింది వాటాలో కోస్తా నుంచి వచ్చిన ఒక నర్సు, ఆమె అత్తగారు ఉండేవారు. ఒక చలికాలం నర్సు లోపలి గదిలో పుట్టగొడుగులు పెంచడం మొదలుపెట్టింది. తడిపిన గోధుమ గడ్డి, విత్తనం కలిపి నింపిన పాలిథీన్ సంచులు తాళ్లకు వేలాడేవి. వాటి పక్కనే అత్తగారి మంచం.

"బయటంతా పొగ. కిటికీ మూసేయండి. వీటికి చీకటి, తడి ఉంటే చాలు," అని సలహా ఇచ్చింది నేనే. సందుల్లో పేపర్లు అంటించిందీ నేనే.

మొదటి కాపు పాడైంది. కాడలు వేలెడు పొడవు సాగాయి, గొడుగులు చొక్కా గుండీలంత. పైగా అత్తగారికి దగ్గు పట్టుకుంది. మందులు వాడినా తగ్గలేదు.

"మీ పై మేడలో ఉండే ఆంటీ చూసెళ్లిన దగ్గర్నుంచే ఇదంతా. ఆవిడ కన్ను మంచిది కాదయ్యా," అంది పెద్దావిడ.

దిష్టి మీద పావుగంట మాట్లాడాను. రుజువు లేని మాట నమ్మకూడదన్నాను. నర్సు అంతా విని, "మరి కిటికీ మూయమన్నారు కదా, దానికి రుజువేంటన్నయ్యా?" అంది.

అంటూనే సంచుల తాళ్లు విప్పడం మొదలుపెట్టింది.

"ఠీక్ హై. సగం సంచులు వరండాలో కడతా. దిష్టయితే అక్కడికీ వస్తుందిగా."

వరండాకి తడి గోనెపట్టా వేలాడదీసింది. కొద్దిరోజుల్లో అక్కడివి అరచేతి వెడల్పున విచ్చుకున్నాయి. లోపలివి మళ్లీ కాడలే. పుట్టగొడుగులూ ఊపిరి వదులుతాయి. ఆ గాలి బయటికి పోకపోతే కాడ సాగుతుంది, గొడుగు విచ్చుకోదు.

లోపలి గదిలో సంచులు సర్దుతుంటే ట్రంకుపెట్టె మీద తెల్లటి పొడి కనిపించింది. గొడుగులు రాల్చిన బీజాలవి. నర్సు దాన్ని వేలితో తీసి చూసి, అత్తగారి మంచాన్ని ముందు గదిలోకి లాగింది. నేను పేపర్లు పీకాను. ఆ తర్వాత నర్సు గొడుగులు ముదిరి పొడి రాల్చకముందే కోసేది.

నెల తిరిగేసరికి దగ్గు తగ్గింది. ఆ పొడివల్లే వచ్చిందని రుజువు కావాలంటే మంచం మళ్లీ లోపల వేయాలి. అంత మాట నేను అడగలేదు. పెద్దావిడ మాత్రం పై మేడ ఆంటీని గుమ్మం దాటనివ్వలేదు.

నా మాటా నమ్మకండి. లేవండి, మీ ఇంట్లో ఎక్కువగా దగ్గే మనిషి పడుకునే గదిలోకి వెళ్లండి. ఆ కిటికీ తెరిచి, వారం రోజులు మీరే చూడండి.