సరి సంఖ్యల వరస

1986 జులైలో నన్ను బిలాస్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌లోని ఒక ప్రభుత్వ కళాశాలకు బదిలీ చేశారు. హోదా ఇంగ్లీషు సహాయ ప్రాధ్యాపకుడు. అప్పటికి నా సర్వీసు పదకొండేళ్లు. ఎం.ఏ. తరగతులన్నీ సీనియర్ల చేతిలో ఉన్నాయి కనుక చేరిన రోజే ప్రిన్సిపాల్ గారు నాకు బి.ఏ. మొదటి సంవత్సరం ఆధార్ పాఠ్యక్రమం అప్పగించారు. ఏ సబ్జెక్టు చదివేవారైనా తప్పనిసరిగా పాస్ కావలసిన పునాది పేపరు అది. అందులో ఇంగ్లీషు భాగం నిత్యవ్యవహారానికి పనికొచ్చే మొదటి మెట్టు ఇంగ్లీషు: పేరు, ఊరు చెప్పుకోవడం, పోస్టాఫీసులో మాట్లాడడం, స్టేషన్లో బండి వేళ కనుక్కోవడం, డాక్టరుకు ఒంట్లో బాధ చెప్పడం. కవిత్వం చదివి వచ్చిన మాలాంటివాళ్లకు అది నామోషీ పని. నేనూ మొహం ముడుచుకునే తీసుకున్నాను.

హాజరు పట్టీలో తొంభై ఆరు పేర్లు. పొడవాటి గది, మూడు ఫ్యాన్లు, అందులో తిరిగేది ఒకటి. తిల్దా నుంచి పాసింజరు బండిలో వచ్చేవాళ్లు, ఆరంగ్ నుంచి బస్సులో వచ్చేవాళ్లు, రైల్వే కాలనీల తెలుగు పిల్లలు ఏడెనిమిది మంది. ఈ తెలుగు పిల్లలకు ఇంట్లో ఒక భాష, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ. ఇంగ్లీషు నాలుగోది. నా బాల్యమూ బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో అలాగే గడిచింది కనుక వాళ్ల అవస్థ నాకు తెలుసు. తెలిసి చేసిన తప్పు కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

పీరియడు నలభై అయిదు నిమిషాలు. హాజరుకే పన్నెండు పోయేవి. మిగిలిన దానిలో తొంభై ఆరు మంది నోరు విప్పాలంటే జతలు కట్టడం తప్ప దారి లేదు. అందుకని రోల్ నంబర్ల ప్రకారం జతలు వేశాను. బేసి సంఖ్యవారు అడగాలి, పక్కనున్న సరి సంఖ్యవారు చెప్పాలి. డస్టరుతో బల్ల మీద ఒకసారి కొడితే బేసివాళ్లు ఒక్క గొంతుతో ప్రశ్న వేసేవారు, రెండోసారి కొడితే సరివాళ్లు జవాబిచ్చేవారు. మొదటి వారంలో ఒకరోజు పాత్రలు మార్చి చూశాను. గది సంత అయిపోయింది. దసరా సెలవుల తర్వాత మారుద్దాం అనుకున్నాను. ఆ తర్వాత దీపావళి అన్నాను. ఆ తర్వాత అర్ధసంవత్సర పరీక్షలు వచ్చాయి. ఏడాదంతా ఎవరి వరస వారిదే అయిపోయింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ తరగతి చూడముచ్చటగా ఉండేది. జనవరిలో తనిఖీకి వచ్చిన విశ్వవిద్యాలయం పెద్దమనిషి వరండాలోనే నిలబడిపోయి విన్నారు. ప్రిన్సిపాల్ గారు నన్ను మెచ్చుకుంటూ నాలుగు వాక్యాల ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని నా సర్వీసు పుస్తకంలో పెట్టించుకున్నాను.

రోల్ నంబరు నలభై రెండు ఆదిలక్ష్మి. ఆమె తండ్రి అప్పన్న వ్యాగన్లు బాగుచేసే షాపులో ఖలాసీ, అంటే బరువులు ఎత్తి దించే పనివాడు. పాలకొండ వైపు నుంచి ఎప్పుడో వచ్చిన కుటుంబం. ఆ పిల్ల జవాబు చెబితే ఒక్క మాట తొట్రు పడేది కాదు. ఆమెను అడిగే జత నలభై ఒకటో నంబరు కుంతీ సాహు, తిల్దా పిల్ల, తండ్రి రైస్ మిల్లులో హమాలీ. ఇద్దరికీ మంచి స్నేహం.

ఫిబ్రవరి మొదట్లో అప్పన్న డ్యూటీ బట్టలతోనే స్టాఫ్ గదికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మాస్టారూ, మార్చితో నా సర్వీసు ఖతమ్. మరో ఆర్నెల్లు క్వార్టరుంచుకోడానికి పర్మీసన్ ఇస్తారట. ఆపైన ఊరెల్లిపోవాల. దీనికి సిన్న నౌక్రీ ఏటైనా దొరికితే మా తోడల్లుడింట్లో ఒగ్గీసి ఎల్తాను, సదువు సాగుద్ది. నేకపోతే బందే," అన్నాడు.

ఊళ్లో ఏముందని అడిగాను. ఎకరం చెక్క, అన్నగారి ఇల్లు, పదిహేను మైళ్ల దూరంలో కాలేజీ అన్నాడు. అక్కడికి వెళితే ఆదిలక్ష్మి మళ్లీ పుస్తకం పట్టదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

అదృష్టం కొద్దీ ఆ నెలలోనే ఉర్లా పారిశ్రామిక వాడలో ఒక ఫ్యాక్టరీ మేనేజరు, బండిలో పరిచయమైన మరాఠీ పెద్దమనిషి, టెలిఫోనూ, వచ్చినవారిని విచారించే ముందు బల్లా చూసుకోడానికి కాస్త ఇంగ్లీషు వచ్చిన అమ్మాయి కావాలన్నాడు. పొద్దుటి పూట పని, మధ్యాహ్నం కాలేజీకి రావచ్చు. నేను మరో ఆలోచన లేకుండా ఆదిలక్ష్మి పేరు చెప్పాను. సిఫారసు చేసినవాణ్ణి కనుక ఇంటర్వ్యూ గదిలో ఒక మూల నాకూ కుర్చీ వేశారు.

మొదటి పది నిమిషాలు నా ఛాతీ ఉప్పొంగింది. పేరు, చదువు, ఇల్లు, ఎలా వస్తావు, వారంలో ఏ రోజు సెలవు కావాలి, అన్నీ ఇంగ్లీషులోనే అడిగాడు. అన్నిటికీ చక్కగా చెప్పింది. అప్పుడతను లేచి తలుపు దాకా వెళ్లి, తాను బయటి నుంచి వచ్చిన మనిషిననుకోమన్నాడు, తనతో మాట్లాడమన్నాడు. వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. నోరు మెదపలేదు.

ఆదిలక్ష్మి కూడా మెదపలేదు. చేతులు కట్టుకుని, అతను అడుగుతాడని చూస్తూ ఉంది. అతను ఎదురు చూశాడు. ఒక నిమిషం దాటింది. ఎవరు మీరు, ఎవరితో పని, ఎక్కడి నుంచి వచ్చారు, ఈ మూడు ప్రశ్నలూ ఆమె ఏడు నెలలుగా రోజూ పక్క సీటులో విన్నవే. చివరికి అతను సాయం చేద్దామని చిన్నగా దగ్గాడు. ఆమె వెంటనే తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు మళ్లీ వరసగా చెప్పింది.

మేనేజరు మంచివాడు. ఆమెను బయట కూర్చోబెట్టి హిందీలో నాతో అన్నాడు: "సార్, పిల్ల తెలివైనది. అడిగినవన్నీ చెప్పింది. కానీ ఈ బల్ల దగ్గర నాకు చెప్పేవాళ్లు కాదు, అడిగేవాళ్లు కావాలి." సెప్టెంబరులో కొత్త విభాగం తెరుస్తామనీ, అప్పటికి తయారు చేస్తే మళ్లీ చూస్తాననీ చెప్పాడు.

మర్నాడు అనుమానం తీర్చుకుందామని కుంతీని స్టాఫ్ గదికి పిలిచి, మీ ఊరి పేరేమిటని ఇంగ్లీషులో అడిగాను. కంగారుపడి ఆ ప్రశ్ననే తిరిగి నన్నడిగింది. ఆ తర్వాత మీరెలా వెళతారు, బండి ఎన్ని గంటలకు అని ఒకదాని వెంట ఒకటి అడుగుతూ పోయింది. ఆపమన్నాను. ఇద్దరు పిల్లలకు చెరి సగం భాష పంచిపెట్టాను. నేతిబీరకాయలో నెయ్యెంతో నా తరగతిలో సంభాషణ అంత.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. తప్పు పూర్తిగా నా డస్టరుదే అంటే అదీ అబద్ధమే. ఇంటర్వ్యూ సంగతి చెప్పినప్పుడు అప్పన్నకు అందులో తప్పేమిటో బోధపడలేదు. పెద్దాఫీసరు అడగాల, మనం సెప్పాల, మనం అడిగితే మర్యాదేటి మాస్టారూ అన్నాడు. ముప్పయ్యేళ్లు ఆ షాపులో అతను బతికింది ఆ పద్ధతిలోనే. ఆదిలక్ష్మి ఇంట్లోనూ సరి సంఖ్యే. ఆ ముడి విప్పవలసిన చోటు కాలేజీ ఒక్కటే. అక్కడ నేను దాన్ని ఇంకాస్త బిగించాను.

ఏప్రిల్‌లో మౌఖిక పరీక్ష జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అడుగుతాడు, విద్యార్థి చెబుతాడు. ఆదిలక్ష్మికి ఇరవై అయిదుకు ఇరవై మూడు వచ్చాయి. తరగతిలో అదే ఎక్కువ. కుంతీ అయిదు మార్కులే వచ్చి తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కింది. ఆ పరీక్ష తీరు చూసి, విద్యార్థి చేత కూడా ప్రశ్నలు అడిగించాలని పాఠ్యక్రమ సంఘానికి రెండు పేజీల లేఖ రాశాను. పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. నేను రిటైరయ్యేదాకా పరిశీలనలోనే ఉంది.

జులైలో ఆ పిల్లలే రెండో సంవత్సరానికి వచ్చారు. ఆ పేపరు అక్కడా ఉంది, నేనే తీసుకున్నాను. ఈసారి వారం వారం వరసలు మార్చాను. గోల అయితే కానీ అనుకున్నాను. మొదటి వారం ఆదిలక్ష్మి నోట ఒక్క ప్రశ్న రాలేదు. రెండో వారం పుస్తకంలోవి చదివింది. మూడో వారంలో ఒకరోజు కుంతీ బండి ఆలస్యమై పరుగెత్తుకుంటూ వచ్చి కూర్చుంది. ఆదిలక్ష్మి ఆమె వైపు తిరిగి, ఈ రోజు బండి ఎక్కడ ఆగింది అని ఇంగ్లీషులో అడిగింది. అది పుస్తకంలో లేదు. నేను వినలేదన్నట్టు బోర్డు వైపు తిరిగాను. ఆ రోజు ఇంటికి ఎంత సంతోషంగా వెళ్లానో ఇప్పటికీ గుర్తుంది.

ఆగస్టు ఆఖర్లో విద్యార్థులు పాతికమంది ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లారు. పరీక్షలో అడిగేది పరీక్షకుడైతే ప్రశ్నలు తాము నేర్చుకోవడమెందుకని వాళ్ల వాదం. కాదనడానికి లేని వాదం. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, కిందటేడు అంత బాగా నడిచిన తరగతిని ఎందుకు పాడు చేసుకుంటున్నానని మర్యాదగానే అడిగారు. కిందటేటి ప్రశంసాపత్రం కూడా గుర్తు చేశారు. పదోన్నతి జాబితా తయారవుతున్న రోజులవి. నేను సరే సార్ అన్నాను. సెప్టెంబరు మొదటి సోమవారం నుంచి మళ్లీ డస్టరు, మళ్లీ బేసి, సరి. ఆదిలక్ష్మి తన వరసలో తాను జవాబులు చెప్పడం మొదలుపెట్టింది.

విడిగా నేర్పవచ్చు కదా అని చదివేవారికి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. వారానికి రెండు గంటలు, కుంతీని కూడా కూర్చోబెట్టుకుంటే ఎవరూ వేలెత్తి చూపరు. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగానే సప్లిమెంటరీ పేపర్ల కట్టలు దిద్దడానికి వచ్చాయి.

ఆ నెల ఇరవయ్యో తేదీ దాటాక మేనేజరు కాలేజీకి ఫోను చేశాడు. మాట నిలబెట్టుకున్నాడు. కొత్త విభాగం తెరిచారట, సోమవారం ఆ అమ్మాయిని తీసుకు రమ్మన్నాడు. ఫోను ప్రిన్సిపాల్ గారి గదిలో ఉండేది. ఆయన ఎదుట రిసీవరు పట్టుకుని నిలబడ్డాను. మళ్లీ ఆ గది, మళ్లీ ఆ మూల కుర్చీ, మళ్లీ ఆ నిశ్శబ్దం కళ్లముందు కదిలాయి. అమ్మాయి ఇంకా తయారు కాలేదండీ, ఈసారికి వేరేవారిని చూసుకోండి అన్నాను. ఆ మాట అనేముందు ఆదిలక్ష్మిని ఒక్కసారి పిలిచి అడగాలని నాకు తోచనే లేదు.

అక్టోబరు మొదటి వారంలో తండ్రీ కూతురూ టి.సి. కోసం వచ్చారు. కాలేజీ వదిలిపోయే విద్యార్థి మిగతా విభాగాల సంతకాలయ్యాక చివరగా తరగతి ఇన్‌ఛార్జి సంతకం తీసుకోవాలి. ఆ ఇన్‌ఛార్జిని నేనే. కారణం అన్న గడిలో ఆమె 'కుటుంబం తరలిపోవుట' అని హిందీలో గుండ్రంగా రాసింది. అప్పన్న గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. కుంతీ వరండాలో ఏడుస్తోంది.

సంతకం పెట్టి కాగితం ఇచ్చాను. ఆదిలక్ష్మి తీసుకుని వెళ్లబోయి ఆగింది. నా తరగతిలో చేరాక ఆ పిల్ల నన్ను ఏదైనా అడగడం అదే మొదలు, అదే ఆఖరు.

"మాస్టారూ, ఆ పేక్టరీవోలు మళ్లీ పిలిచేరా?" అంది.

పిలవలేదన్నాను.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు ఉద్యోగం చేశాను. ప్రాధ్యాపకుణ్ణయ్యాను, విభాగాధిపతినయ్యాను. ఆ పేపరు నా చేతిలో ఉన్నన్నాళ్లూ సరి, బేసి వరసలతోనే నడిపాను. ఫలితాలు బాగానే వచ్చేవి. ఆ ఏడు నేను నేర్చుకున్నది ఒకటే. జవాబులు మాత్రమే నేర్పే చోట అందరికంటే సుఖంగా ఉండేది ఉపాధ్యాయుడు, ఎందుకంటే అతను ఏం చెప్పినా ఇంకొక ప్రశ్న రాదు. ఆదిలక్ష్మి రెండో ప్రశ్న వేయలేదు. వస్తామండి అని చెప్పి తండ్రి వెనక వెళ్లిపోయింది.