రేకు మీద గీసిన ప్రాగ్ నగరం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడు కూడా లేదు. మా తెనాలి వైపు చింతతోపు దాటాల్సి వస్తే పిల్లలందరూ చేతులు పట్టుకుని పరుగెత్తేవారట, నేను మాత్రం కింద రాలిన కాయలు ఏరుకుంటూ తాపీగా వచ్చేవాణ్ణట. మా అమ్మ చెప్పేది. ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. బాలానగర్‌లో ఒక యంత్రాల ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. జీవితమంతా గీతలు గీసి, కొలతలు వేసి బతికాను. కొలతకు అందని సంగతి ఎవరైనా చెబితే మొహం మీదే నవ్వేవాణ్ణి. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకు కాస్త చిరాగ్గానే ఉంది.

డెబ్బైల మొదట్లో సంగతి. హఫీజ్‌పేటలో ఎల్లయ్యగారనే ఆయన ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాణ్ణి. అప్పుడది చిన్న ఊరు. రైలు స్టేషను, జొన్నచేలు, ఎటు చూసినా బండలు. ఎల్లయ్యగారు మా ఫ్యాక్టరీలోనే మార్కింగ్ ఫిట్టర్. అంటే, లోహపు ముక్కకు నీలిరంగు పూసి, ఎక్కడ కొయ్యాలో ఎక్కడ తొలవాలో సూదిమొన పనిముట్టుతో గీతలు గీసి, పంచ్‌తో చుక్కలు కొట్టే మనిషి. చదువు లేదు. అంకెలు, బొమ్మలు మాత్రం బాగా చదివేవాడు. నా డ్రాయింగులో తప్పుంటే నాకంటే ముందు పట్టుకునేవాడు. అది నాకు నచ్చేది కాదు, కానీ నిజం.

నేను ఆ ఇంటికి రాకముందే ఆ దంపతులకు ఉన్న ఒక్క కూతురు జ్వరంతో పోయింది. ఏడేళ్ల పిల్ల. పేరు యాదమ్మ. ఆ పిల్ల ఫోటో ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. ఆ రోజుల్లో అలాంటి ఇళ్లలో పిల్లలకు ఫోటోలు తీయించేదెవరు? ఎల్లయ్యగారి భార్య సత్తెమ్మగారు ఒకరోజు బియ్యం చెరుగుతూ నాతో అన్నది: "బిడ్డ మొఖం జర జర పోతున్నది సారు. పొద్దుగాల లేసి యాది చేసుకుంట. ఒకదినం కన్ను యాదికొస్తది, ముక్కు రాదు." 

నిజానికి ఒక్క ఫోటో ఉంది. కాకపోతే అది ప్రాగ్‌లో ఉంది. మా ఫ్యాక్టరీ యంత్రాలు చెకోస్లొవేకియా నుంచి వచ్చాయి. వాటిని బిగించడానికి ఆ దేశపు రాజధాని ప్రాగ్ నుంచి పావెల్ అనే నిపుణుడు వచ్చి, రెండేళ్లు ఎల్లయ్యగారి పక్కనే పనిచేశాడు. ఆయనకు తెలుగు రాదు, ఈయనకు ఇంగ్లీషు రాదు. చాక్‌పీసుతో, వేళ్లతో మాట్లాడుకునేవారట. ఒక ఆదివారం వీళ్లింటికి భోజనానికి వచ్చి, గడపలో నిలబడ్డ యాదమ్మను ఫోటో తీశాడు. రీలు కెమెరాలో ఉండగానే వాళ్ల దేశంలో ఏవో గొడవలై ఆయన్ను వెనక్కి పిలిచేశారు. మరుసటి ఏడు వానల్లో పిల్ల పోయింది. ఫ్యాక్టరీ ఫైల్లో ఉన్న ప్రాగ్ అడ్రసుకు ఎల్లయ్యగారి తరఫున నేనే రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. అప్పటికి పావెల్ వెళ్లి అయిదేళ్లు.

ఇంతలో నన్ను ఆ దేశానికే ఆరు నెలల ట్రైనింగుకు ఎంపిక చేశారు. ప్రాగ్ కాదు, అక్కడికి మూడు నాలుగు గంటల రైలు దూరంలో ఉన్న ఊరు. మధ్యలో ఒకే ఒక్క శని, ఆదివారాలు బయటి ఊరికి వెళ్లడానికి అనుమతి ఇస్తారన్నారు. ఆ రెండు రోజులు ఎక్కడ గడపాలో నేను ఆలోచించాల్సిన పని లేకపోయింది. సత్తెమ్మగారు ఏమీ అడగలేదు. నా పెట్టెలో మాత్రం నేను చూడకుండా కారప్పొడి మూట పెట్టింది.

బయల్దేరే ముందురోజు ఎల్లయ్యగారు ఒక అల్యూమినియం రేకు తెచ్చి నా చేతికిచ్చాడు. జానెడు వెడల్పు. దాని మీద ప్రాగ్ నగరం గీసి ఉంది. రైలు స్టేషను, నది, వంతెనలు, ట్రాములు ఆగేచోట్ల పంచ్ చుక్కలు. అక్షరాలు లేవు, అన్నీ బొమ్మలే. ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి చెప్పాడు.

"ట్రాము ఎక్కకముందే టికెట్ పెట్టుకోవాలె సారు. ముసలామె ఎక్కితే లేసి నిలవడాలె, లేకుంటే బండంత నిన్నే సూస్తది. కూసుండి తినే హోటల్ వద్దు, నిలవడి తినేకాడికి పో, ఆడ తాగే సూపు మంచిగుంటది. బొమ్మల వంతెన మీదికి పొద్దుగాల్నే పో, ఎండెక్కితే జనం నడువనియ్యరు."

అక్కడితో ఆపలేదు. నది దాటాక రెండు గోపురాల చర్చి. దాని తర్వాత మూడో చుక్క దగ్గర దిగాలి. ముందు గుమ్మం కాదు, పక్క సందులోంచి లోపలి వాకిట్లోకి వెళ్లాలి. రెండో మెట్ల వరస పక్కన కింది ఇల్లు. "గంట నొక్కకు, అది పనిచెయ్యది. కిటికీ కొట్టు. జోడు బైటనే ఇడువాలె." అది వినగానే నాకు నవ్వొచ్చింది. ప్రాగ్‌ని కూడా హఫీజ్‌పేట చేసేశాడు అనుకున్నాను. ఆ ఇంటి గుర్తు పక్కన ఒక పువ్వు బొమ్మ, దాని కింద నాలుగు చుక్కలు ఉన్నాయి. నాలుగు పూలు తీసుకెళ్లమని అర్థం.

ఇవన్నీ పావెల్ చెప్పినవే అనుకున్నాను. రెండేళ్లు పక్కపక్కన నిలబడితే మనిషి తన ఊరి గురించి చెప్పకుండా ఉంటాడా? అందులో వింత లేదు. ఒకటే అనుమానం వచ్చింది. ఫైల్లో ఉన్న అడ్రసు నదికి ఇవతలి వైపు. రేకు మీది ఇల్లు అవతలి వైపు. ఎల్లయ్యగారు పొరబడ్డాడనుకుని ఊరుకున్నాను.

మూడు నెలల తర్వాత, చలి మొదలైన రోజుల్లో, నాకు ఆ శని, ఆదివారాలు వచ్చాయి. శనివారం నేను రేకును పక్కనపెట్టి ఫైలు అడ్రసునే నమ్ముకున్నాను. ఆఫీసు కాగితం మీద నా గురి అలాంటిది. ఆ మేడ దొరికింది, పావెల్ పేరు దొరకలేదు. ప్రతి అంతస్తులో తలుపు కొట్టాను. ఒకాయన తల అడ్డంగా ఊపాడు, ఒకావిడ తలుపే తియ్యలేదు. చీకటి పడేదాకా ఆ వీధిలోనే తిరిగి, ఆ రాత్రికి నాకు బస ఇచ్చిన హాస్టల్‌కి చేరాను. ఆదివారం సాయంత్రం నా రైలు. సత్తెమ్మగారికి ఏం చెప్పాలో తెలియలేదు.

ఆదివారం పొద్దున్నే రేకు జేబులో పెట్టుకుని బయల్దేరాను. ఇక అదొక్కటే మిగిలింది. టికెట్ ముందే కొన్నాను. ట్రాములో ఒక ముసలావిడ ఎక్కితే లేచాను. రెండు గోపురాల చర్చి వచ్చింది. మూడో చుక్క దగ్గర దిగాను.

అక్కడ ఒకామె బకెట్లో పూలు పెట్టుకుని అమ్ముతోంది. నాలుగు అని వేళ్లు చూపించాను. ఆమె నవ్వి అయిదు తీసి ఇచ్చింది. నేను ఒకటి వెనక్కి ఇచ్చాను. ఆమె మళ్లీ అయిదు చేసింది. మా వృత్తిలో డ్రాయింగు నాలుగంటే నాలుగే, మన తెలివి చూపించకూడదు. మళ్లీ నాలుగు వేళ్లు చూపించాను. ఆమె ముఖంలో నవ్వు పోయింది. నాలుగు పూలకు నల్ల రిబ్బను కట్టి ఇచ్చింది. నాకేమీ అర్థం కాలేదు.

పక్క సందు ఉంది. లోపల వాకిలి ఉంది. రెండో మెట్ల వరస ఉంది. గంట నొక్కి చూశాను, నా పిచ్చి కాకపోతే. అది మోగలేదు. కిటికీ కొట్టాను.

నలభై దాటిన ఒకావిడ తలుపు తీసింది. గడప బయట జోళ్లు వరసగా విడిచి ఉన్నాయి. నేనూ బూట్లు విప్పబోతున్నాను. ఆవిడ నన్ను చూడలేదు, పూలనే చూసింది. చూసి, గోడకు చెయ్యి ఆనించుకుని ఏడ్చింది.

ఆమె పావెల్ చెల్లెలు. కాస్త ఇంగ్లీషు వచ్చు, నాకొచ్చినంతే. ఊపిరితిత్తుల జబ్బుతో పావెల్ చనిపోయాడు. మొన్న గురువారమే పాతిపెట్టారు. నీకెవరు చెప్పారని అడిగింది. ఎవరూ చెప్పలేదన్నాను. మరి ఈ పూలు అంది. అప్పుడు చెప్పింది, వాళ్ల దేశంలో బతికున్నవాళ్లకు బేసి సంఖ్యలో పూలు ఇస్తారట. సరి సంఖ్యలో ఇచ్చేది పోయినవాళ్లకేనట.

ఆమె లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. ఆ ఇంటి గురించి అడిగాను. ఆ మేడ కట్టిందే ఈ మధ్య, తాము వచ్చి రెండేళ్లయిందని చెప్పింది. జబ్బు చేశాక అన్నయ్యను ఇక్కడికి తెచ్చుకున్నదట. నా ఉత్తరాలు ఆమె చూడనే లేదు. గంట పోయిన చలికాలం నుంచి పనిచేయడం లేదట. అంటే పావెల్ మా ఫ్యాక్టరీలో ఉన్న రోజుల్లో ఆ ఇల్లే లేదు.

వచ్చిన పని చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుని అన్నయ్య పెట్టెలన్నీ దించింది. మధ్యాహ్నం దాకా వెతికాం. యంత్రాలు, చార్మినారు, బండలు, మళ్లీ యంత్రాలు. చివరకు ఒక నెగటివ్ ముక్క దొరికింది. కిటికీకి ఎత్తి పట్టుకుని చూస్తే గడపలో చెంబు పట్టుకున్న ఒక పిల్ల. నెగటివ్‌లో ముఖం నల్లగా, జుట్టు తెల్లగా ఉంది. యాదమ్మను నేనెప్పుడూ చూడలేదు. ఆమేనో, ఆ వాడలో ఇంకెవరి పిల్లో నాకెలా తెలుస్తుంది? పావెల్ చెల్లెలు దాన్ని కాగితంలో చుట్టి ఇచ్చింది. నాలుగు పూలూ పావెల్ ఫోటో ముందు పెట్టి, సాయంత్రం రైలెక్కాను.

తిరిగొచ్చాక ఎల్లయ్యగారిని వంటింటి వెనక్కి తీసుకెళ్లి రేకు ముందుపెట్టి అడిగాను. ఈ ఇల్లు మీకెవరు చెప్పారండీ అని. ఆయన బీడీ వెలిగించాడు.

"పావెల్ సారు వచ్చి నా బెంచి కాడ నిలవడ్డడు సారు. మధ్యాహ్నం పూట, మిషన్లన్ని నడుస్తున్నయి. మాట్లాడలే. ఎప్పటి లెక్కనే వేలు పెట్టి సూపిచ్చిండు. ఆయన వేలు పోయిన కాడల్ల నేను గీసిన. తలెత్తి సూస్తే లేడు."

పావెల్ పోయాడన్న సంగతి అప్పుడే చెప్పాను. ఆయన బీడీ పారేసి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

నా బాధంతా ఇక్కడే. దయ్యం అనుకుని సరిపెట్టుకుందామంటే, ఎల్లయ్యగారు ఆ రేకు గీసిన రోజుకి పావెల్ బతికే ఉన్నాడు. చెల్లెలి ఇంట్లో మంచం మీద దగ్గుతూ ఉన్నాడు. పోవడానికి ఇంకా మూడు నెలలుంది. మరి మూడు నెలల ముందే నాలుగు పూలు ఎలా చెప్పాడు? ఎల్లయ్యగారు అబద్ధం చెప్పే మనిషి కాదు, చెప్పినా ఆ గంట సంగతి ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఎన్నో రకాలుగా లెక్కలు వేసి చూశాను. ఒక్కటీ కుదరలేదు.

ఆబిడ్స్‌లో స్టూడియోకి నెగటివ్ ఇచ్చి ఫోటో కడిగించాను. ఒక ఆదివారం పొద్దున తెచ్చి సత్తెమ్మగారి చేతిలో పెట్టాను.  కాదంటుందేమోనని భయం.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, ఫోటోను వెలుతురు వైపు తిప్పి పట్టుకుంది. కళ్లు చికిలించుకున్న పిల్ల, ఒక చెవికే కమ్మ, చేతిలో చెంబు. ఎల్లయ్యగారు పక్కకు తిరిగి నిలబడ్డాడు. సత్తెమ్మగారు వేలితో పిల్ల నుదురు, ముక్కు, గడ్డం మెల్లగా తడిమింది.

"గీమెనే సారు. నా బిడ్డనే," అంది. ఇంకాసేపు చూసి, నేలమీద కూర్చుంది. "ఇన్నేండ్ల సంది నేను యాది చేసుకునే మొఖం గిది కాదు. ఎవరి మొఖం పెట్టుకోని ఏడిసిన్నో నేను."

ఆ రోజు ఆ ఇంట్లో ఎవరం ఏమీ వండుకోలేదు. ఆ దారి ఎల్లయ్యగారికి ఎవరు చూపించారో, ఎలా చూపించారో నాకు ఈ రోజుకీ తెలియదు. సత్తెమ్మగారు ఆ సంగతి ఎవరినీ అడగలేదు. ఆ తర్వాత నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆమె పొద్దున లేచి, ఎవరితోనూ మాట్లాడకముందే, ఆ ఫోటో ముందు కూర్చుని కూతురి ముఖం మొదటినుంచి నేర్చుకునేది.